పుబ్బకు దిగువన మూడు గెలాక్సీలు

సింహరాశిలో పుబ్బ నక్షత్రానికి మూడు డిగ్రీల దక్షిణంగా మూడు గెలాక్సీలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. వాటి పేర్లు ఎం65, ఎం66, ఎన్‌జీసీ 3628. భూమి మీద ఊరికి అక్షాంశం ఎలాగో ఆకాశంలో చుక్కకు క్రాంతి అలాగ. ఈ మూడింటి క్రాంతి 13 నుంచి 13.6 డిగ్రీల మధ్య ఉంటుంది. చెన్నైకి పడమరగా ఉన్న తిరుత్తణి అక్షాంశం 13.18, తిరువళ్లూరుది 13.14. కాబట్టి మార్చి నడిమిలో అర్ధరాత్రి వేళ ఈ రెండు ఊళ్ళలో ఎక్కడ నిలబడి తల పైకెత్తినా ఆ మూడూ నడినెత్తినే ఉంటాయి. తేడా ఉంటే నిండు చందమామ వెడల్పుకు మించదు. మరో గంటకు అదే చోటికి కన్యారాశి గెలాక్సీల గుంపు వచ్చి చేరుతుంది. ఆ గుంపులోని ఎం84, ఎం86 కూడా పావు డిగ్రీ తేడాతో నడినెత్తి మీదుగానే దాటిపోతాయి.

వీటిలో ఏదీ కంటికి ఆనదు. కెమెరాకు ఆనుతుంది. చెన్నై వెలుగు సగం ఆకాశాన్ని మింగేసిన ఈ ప్రాంతంలో, పెద్ద పెట్టుబడి లేని ఔత్సాహికుడు మసక గెలాక్సీలను ఎంతవరకు ఫొటో తీయగలడు, అందులో ఏది చేయదగిన పని, దేనికి ఆశ వదులుకోవాలి అన్నది ఇక్కడ చర్చించదలచిన విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనవాళ్ళు ఈ పనిలో వెనకబడింది పరికరాలు లేక కాదు. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో కూర్చున్నవారు తమ ఆకాశం కోసం రాసుకున్న సలహాలను మనం అక్షరాలా పాటిస్తున్నాం. మన అక్షాంశం మనకిచ్చినదేమిటో లెక్క చూసుకోలేదు.

ముందు మసక అంటే ఏమిటో తేల్చుకోవాలి. నక్షత్రం చుక్క, దాని వెలుగంతా ఒక్కచోటే ఉంటుంది. గెలాక్సీ వెలుగు పరచుకుని ఉంటుంది. చెంచాడు పాలు గ్లాసు నీళ్ళలో కలిపితే తెలుపు కనిపిస్తుంది, గంగాళంలో కలిపితే కనిపించదు. పాలు మాత్రం అంతే. ఎం33 గెలాక్సీ మొత్తం వెలుగు 5.7 మాగ్నిట్యూడ్. అదే ప్రకాశంతో నక్షత్రం ఉంటే పల్లెటూళ్ళో మామూలు కంటికి కనిపించాలి. ఎం33 అయితే మంచి చీకటిలో, అలవాటు పడిన కంటికే దొరుకుతుంది. అందుకే గెలాక్సీల ఫొటోలు తీసేవారు మొత్తం వెలుగు కన్నా ఆకాశంలో చదరపు ఆర్క్‌సెకండుకు ఎంత వెలుగన్నదే చూస్తారు. మానవ దీపాలు లేని ఆకాశం ఈ కొలతలో సుమారు 22 మాగ్నిట్యూడ్ ఉంటుంది. గెలాక్సీల అంచులు 24, 25 దగ్గర ఉంటాయి. రెండు గెలాక్సీలు ఒకదాన్నొకటి లాక్కున్నప్పుడు చిమ్మిన నక్షత్రాల తోకలు 26, 27కు దిగిపోతాయి. ఈ కొలతలో అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. అయిదు మాగ్నిట్యూడ్ల తేడా నూరు రెట్లకు సమానం. అంటే అతి శుద్ధమైన చీకటిలో కూడా ఆ తోక వెలుగు, దాని వెనకున్న ఆకాశపు వెలుగులో నూరో వంతే. చెన్నై వంటి మహానగరం నడిబొడ్డున ఆకాశం 18 దగ్గర ఉంటుంది. అక్కడ అదే తోక, ఆకాశపు వెలుగులో నాలుగు వేలో వంతు.

ఇంత తక్కువ వెలుగునైనా పట్టుకోవచ్చు. దానికి కాలం ఖర్చు పెట్టాలి. ఒక ఫొటోకు మరో ఫొటో జోడించుకుంటూ పోతే గెలాక్సీ వెలుగు లెక్కప్రకారం పెరుగుతుంది, గరుకుతనం మాత్రం వర్గమూలం చొప్పునే పెరుగుతుంది. ఫొటో రెండింతలు తేటపడాలంటే నాలుగింతల సమయం కావాలి. ఆకాశం ఎంత రెట్లు వెలుగైతే సమయం కూడా అన్ని రెట్లు కావాలి. 22 మాగ్నిట్యూడ్ ఆకాశంలో గంటలో వచ్చే ఫొటోకు 18 మాగ్నిట్యూడ్ ఆకాశంలో సుమారు 40 గంటలు పడుతుంది. లక్షల రూపాయల టెలిస్కోపు కొనే ముందు ఈ ఒక్క లెక్క వేసుకోవాలి. నగరంలో మేడ మీది పెద్ద టెలిస్కోపు కన్నా, నగరం దాటి తీసుకెళ్ళిన చిన్న లెన్సు గెలాక్సీల విషయంలో చాలాసార్లు మేలు.

ఫిల్టర్లున్నాయి కదా అని చాలామంది అడుగుతారు. వెలిగే వాయుమేఘాలైన నెబ్యులాలు ఫలానా రంగుల్లోనే వెలుగుతాయి కాబట్టి ఆ రంగు తప్ప మిగతావన్నీ ఆపేసే ఫిల్టరు నగరంలో కూడా పనిచేస్తుంది. గెలాక్సీ వెలుగు నక్షత్రాల వెలుగు, అన్ని రంగుల్లోనూ పరచుకుని ఉంటుంది. వీధుల్లో పసుపుపచ్చ సోడియం దీపాలున్న రోజుల్లో ఆ ఒక్క రంగునీ ఆపి కొంత గెలవగలిగేవారు. తెల్లటి ఎల్‌ఈడీ వీధిదీపాలు వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. గెలాక్సీలో కొత్త నక్షత్రాలు పుట్టే చోట్లు హైడ్రోజన్ ఎరుపులో వెలుగుతాయి కాబట్టి ఆ ఎరుపును విడిగా తీసి కలపవచ్చు. మిగతా పని చీకటే చేయాలి.

గెలాక్సీల ఫొటోల చరిత్రను మొదలుపెట్టినవారే ఔత్సాహికులు. 1883లో ఓరియన్ నెబ్యులాను 36 అంగుళాల టెలిస్కోపుతో అద్భుతంగా ఫొటో తీసిన ఆండ్రూ కామన్ వృత్తిరీత్యా ఇంజనీరు. 1888 డిసెంబరులో ఆండ్రొమిడాను ఫొటో తీసి దాని సుడి రూపాన్ని తొలిసారి లోకానికి చూపిన ఐజాక్ రాబర్ట్స్ భవన నిర్మాణ వ్యాపారి. తెలుగు నేల మీద కూడా ఆకాశం మీది ప్రేమ సర్కారు జీతంతో మొదలు కాలేదు. మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ దగ్గర నేర్చుకున్న గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874 శుక్ర సంక్రమణాన్ని అక్కడి నుంచే చూశారు. హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీ కూడా 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే ఔత్సాహికుడి ఉత్సాహంతోనే పుట్టింది. ఆకాశం మొత్తాన్ని ఫొటో పలకల మీదికెక్కించే అంతర్జాతీయ పథకంలో ఒక భాగం తరవాత దాని వంతుకు వచ్చింది. ఆ అబ్జర్వేటరీలో పనిచేసిన ఉద్యోగి కొడుకు వేణు బప్పు. ఆయన హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివి, 1949లో హార్వర్డ్‌లో ఒక తోకచుక్కను కనిపెట్టారు.

బప్పు ఇక్కడ ప్రస్తావనకు రావడానికి కారణముంది. ఆయన అబ్జర్వేటరీ కోసం ఎంచిన కావలూరు తిరుత్తణికి సూటిగా కొలిస్తే 110 కిలోమీటర్ల దూరంలో, జవ్వాది కొండల్లో, 725 మీటర్ల ఎత్తున ఉంది. 12.6 డిగ్రీల అక్షాంశంలో ఉండటం వల్ల అక్కడి నుంచి దక్షిణాకాశం చాలా లోతుగా కనిపిస్తుంది. ఆ స్థలాన్ని ఎంచడానికి ఉన్న కారణాల్లో అదొకటి. 1986 జనవరిలో ప్రారంభమైన 2.34 మీటర్ల టెలిస్కోపుకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. వృత్తి ఖగోళవేత్తలు లెక్క వేసి ఎంచుకున్న అక్షాంశం తిరుత్తణి వాసులకు పుట్టుకతోనే దక్కింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళినా, అక్కడా పళ్ళిపట్టులోనూ ఇళ్ళలో తెలుగు అలాగే ఉంది. ఆ ఇళ్ళలోని పిల్లలకు ఈ సంగతి తెలియాలి.

ఆ అక్షాంశం ఇచ్చేదేమిటో చూద్దాం. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు, సాయంత్రపు ఉరుముల వానలు. నమ్మదగిన ఆకాశం జనవరి నుంచి మే మొదటి వారాల దాకా. అందరికీ ఇష్టమైన ఆండ్రొమిడా ఉత్తరాభాద్ర పక్కన ఉంది, అర్ధరాత్రి అది పైకి వచ్చేది అక్టోబరులో, సరిగ్గా మన వానల్లో. మనవాళ్ళు చాలామంది మొదటి ఏడాదే ఆండ్రొమిడా కోసం ఎదురుచూసి, మబ్బులు చూసి విసుగెత్తి మానేస్తారు. సింహ, కన్యారాశుల గెలాక్సీలు అర్ధరాత్రి పైకి వచ్చేది మార్చి, ఏప్రిల్ నెలల్లో, మన ఆకాశం పొడిగా ఉండే కాలంలో.

లండన్‌లో ఉన్నవారికి ఇదే గెలాక్సీల కాలం వచ్చేసరికి రాత్రులు కుదించుకుపోతుంటాయి. మే చివర నుంచి జులై మూడో వారం దాకా వాళ్ళకు పూర్తి చీకటే ఉండదు. తిరుత్తణిలో మార్చి ఆఖరున సూర్యాస్తమయమైన గంటా పది నిమిషాలకు పూర్తి చీకటి పడుతుంది. అక్కడి నుంచి తెల్లవారుజామున సుమారు అయిదు దాకా, తొమ్మిది గంటలకు పైగా ఆ చీకటి మనదే. పైగా లండన్‌లో సింహరాశి త్రయం, అంటే మొదట చెప్పిన మూడు గెలాక్సీలు, ఎంత పైకి వచ్చినా 52 డిగ్రీల ఎత్తే. మనకు నడినెత్తి, వెలుగు దాటి రావలసిన గాలి పొర అత్యంత పలచగా ఉండే చోటు. 30 డిగ్రీల ఎత్తున ఉన్న గెలాక్సీ వెలుగు దీనికి రెండింతల గాలిని దాటుకుని రావాలి, ఆ గాలిలోని దుమ్మునూ నగరపు వెలుగునూ కూడా.

దక్షిణాన సెంటారస్-ఎ ఉంది. దీన్ని 1826లో ఆస్ట్రేలియాలోని పరమట్ట నుంచి జేమ్స్ డన్‌లప్ కనుగొన్నారు. గుండ్రటి వెలుగుకు అడ్డంగా నల్లటి దుమ్ము పట్టీ ఉన్న వింత గెలాక్సీ ఇది, సుమారు కోటి 20 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. లండన్‌లో ఇది ఎన్నడూ ఉదయించదు. తిరుత్తణిలో 34 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఏప్రిల్ 14 ప్రాంతంలో, తమిళుల కొత్త సంవత్సరం రోజున, అర్ధరాత్రికి దక్షిణ దిక్కున సరిగ్గా నిలబడుతుంది. హస్తకూ చిత్తకూ మధ్య ఉన్న సాంబ్రెరో గెలాక్సీ ఎం104 మనకు 65 డిగ్రీల ఎత్తున నడుస్తుంది. నక్షత్రాల పేర్లు పంచాంగంలో రోజూ వినేవారికి ఈ గెలాక్సీల చిరునామాలు సగం తెలిసినట్టే.

ఇంత అనుకూలమైన ఆకాశాన్ని మసకబార్చేవి నేల మీది వెలుగులు. వాటి దిక్కులు తెలుసుకోవడం టెలిస్కోపు గురించి తెలుసుకోవడమంత ముఖ్యం. తిరువళ్లూరుకు తూర్పున నలభై అయిదు కిలోమీటర్ల లోపే చెన్నై, దక్షిణాన శ్రీపెరుంబుదూరు కర్మాగారాలు. అక్కడ తూర్పు, దక్షిణాలు రెండూ పోయినట్టే. మిగిలింది నడినెత్తి. అందుకే తిరువళ్లూరు వారికి నా సలహా కచ్చితంగా ఒకటే: సెంటారస్-ఎ జోలికి పోవద్దు, సింహ, కన్యారాశులతోనే సరిపెట్టుకోండి. చెన్నైకి రోడ్డు దారిన సుమారు 85 కిలోమీటర్ల దూరంలో ఉన్న తిరుత్తణికి వచ్చేసరికి తూర్పున చెన్నై వెలుగు కిందికి దిగుతుంది. దక్షిణాన అరక్కోణం దగ్గరలోనే ఉంది, వాయవ్యంగా తిరుపతి వెలుగు లేస్తుంది. కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి గుడి దీపాలు సరేసరి, డిసెంబరు 31 రాత్రి మెట్ల పూజకూ ఆడికృత్తికకూ ఊరంతా వెలుగే. అవి ఉండవలసిన వెలుగులు, ఆ రాత్రులు మనం ఇంట్లో ఉంటే సరిపోతుంది. ఊరు దాటి పళ్ళిపట్టు వైపు, నగరి కొండల వైపు ఎంత పోతే అంత మంచిది.

తూర్పున చెన్నై ఉందన్న ఒక్క సంగతి నుంచి పని పద్ధతి మొత్తం తేల్చుకోవచ్చు. గెలాక్సీ తూర్పున ఉదయించగానే ఆత్రపడి మొదలుపెట్టకూడదు. అది నడినెత్తికి వచ్చేదాకా ఆగి, అక్కడి నుంచి పడమటికి వాలుతుండగా మూడు గంటలు తీయాలి. మూడు గంటల తరవాత కూడా అది 45 డిగ్రీల పైనే ఉంటుంది, ఆ పాటికి చెన్నై మన వీపు వెనకుంటుంది. దీనివల్ల ఇంకో మేలుంది. భూమి తిరుగుడుకు ఎదురు తిప్పే పీఠమైన ఈక్వటోరియల్ మౌంట్ మీది టెలిస్కోపును, గెలాక్సీ నడిమి రేఖ (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి పోయే గీత) దాటేటప్పుడు ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పుకోవలసి వస్తుంది. దాటాక మొదలుపెడితే ఆ బాధ లేదు. సింహరాశి త్రయం మార్చి నడిమిలో అర్ధరాత్రికి, ఏప్రిల్ నడిమిలో పదింటికి, మే నడిమిలో ఎనిమిదింటికి ఆ రేఖ దాటుతుంది. దాని వెనకే కన్యారాశి గుంపు వస్తుంది. ఒక రాత్రికి రెండు లక్ష్యాలు వరసగా కుదురుతాయి. అర్ధరాత్రి దాటితే దుకాణాల దీపాలు కూడా తగ్గుతాయి.

పరికరాల దగ్గరికి వస్తే, చవకగా మొదలుపెట్టాలనుకునేవారికి పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, 135 లేదా 200 మిల్లీమీటర్ల లెన్సు, భూమి తిరుగుడుకు ఎదురు తిరిగే చిన్న ట్రాకరు చాలు. ట్రాకరు లేకుండా కుదరదు. ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకండ్లు జరుగుతుంది, 200 మిల్లీమీటర్ల లెన్సు వెనక మామూలు సెన్సర్ మీద పావు సెకనులోనే చుక్క ఒక పిక్సెల్ దాటుతుంది. 400 మిల్లీమీటర్లలో కన్యారాశి గుంపులో గెలాక్సీలు వరసగా ఉన్న మార్కేరియన్ గొలుసు చక్కగా పడుతుంది. 600 నుంచి 800 మిల్లీమీటర్ల మధ్య సింహరాశి త్రయం ఒకే చట్రంలో నిండుగా ఉంటుంది. అంతకు మించిన పొడవు మొదటి రెండేళ్ళు వద్దు. పొడవు పెరిగిన కొద్దీ మౌంట్ ఖర్చు లెన్సు ఖర్చును మించిపోతుంది.

మౌంట్ దగ్గరే మన అక్షాంశం ఎదురుతిరుగుతుంది. ధ్రువ నక్షత్రం మనకు దిగంతానికి 13 డిగ్రీల ఎత్తునే ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లలో ఆ ఎత్తున దుమ్ము పొర. ధ్రువుణ్ణి చూసి సరిచేసుకోండి అని పుస్తకం చెప్పడం తేలిక, తిరుత్తణిలో చెట్టో కొండో అడ్డు రాకుండా ఆ చుక్క దొరకడమే అదృష్టం. కొన్ని మౌంట్లను 13 డిగ్రీలకు దించితే బరువు కడ్డీ వెళ్ళి ట్రైపాడ్ కాలికి తగులుతుంది. కొనే ముందే దుకాణదారును ఈ విషయం అడగాలి. ధ్రువుడు కనిపించకపోయినా పని ఆగదు. ఆకాశంలో ఏదో మూడు చోట్ల ఫొటోలు తీసి, చుక్కల అమరికను బట్టి మౌంట్ ఎంత వంకరగా ఉందో చెప్పే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. నినా అనే ప్రోగ్రాం ఆ పని చేసి పెడుతుంది. పాతకాలపు డ్రిఫ్ట్ పద్ధతి కూడా ఎంతో నిక్కచ్చి, ఓపిక కావాలంతే.

ఈ మధ్య సీస్టార్ వంటి స్మార్ట్ టెలిస్కోపులు వచ్చాయి. 50 మిల్లీమీటర్ల లెన్సు, కెమెరా, మోటారు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి, ఫోనులో గెలాక్సీ పేరు కొడితే అదే వెతుక్కుని ఫొటోలు తీసి పేర్చి ఇస్తుంది. వీటిని చిన్నచూపు చూసేవారితో నేను ఏకీభవించను. ఎంతోమంది బడిపిల్లలకు ఇవి మొదటి గెలాక్సీని చూపిస్తాయి. కానీ వీటి మోటార్లు పక్కకూ పైకీ తిరిగేవి, నడినెత్తి దగ్గర దృశ్యం గిరగిరా తిరిగిపోయి చాలా ఫ్రేములు పనికిరాకుండా పోతాయి. ఉత్తర దేశాలవారికి ఎప్పుడో వచ్చే ఈ ఇబ్బంది మనకు సరిగ్గా మన ధనం ఉన్న చోటే వస్తుంది. గెలాక్సీ నడినెత్తి దాటిన గంటన్నర తరవాత మొదలుపెట్టాలి. లేదంటే పెట్టెను వాలు పీట మీద అక్షాంశానికి తగ్గట్టు వంచి, ఈక్వటోరియల్ పద్ధతిలో నడపాలి.

వేడి మరో సంగతి. సెన్సర్ ఆరేడు డిగ్రీలు వేడెక్కితే అందులో పుట్టే దొంగ సంకేతం రెట్టింపవుతుంది. చలిదేశాలవారు కెమెరాను మైనస్ 20 డిగ్రీలకు చల్లబరచమని రాస్తారు. ఏప్రిల్ రాత్రి బయట 28 డిగ్రీలున్నప్పుడు, 35 డిగ్రీలు తగ్గించగల కెమెరా మైనస్ 7 దగ్గర ఆగిపోతుంది. ఫర్వాలేదు, మైనస్ 5 దగ్గర స్థిరంగా పెట్టి, అదే వేడిలో మూత వేసి తీసిన డార్క్ ఫ్రేములతో సరిచేసుకోవచ్చు. చల్లబరిచే ఏర్పాటు లేని డీఎస్‌ఎల్‌ఆర్‌కు ఫిబ్రవరి మేలు. జనవరి, ఫిబ్రవరిలలో మంచు లెన్సు మీద దిగుతుంది, చుట్టూ వెచ్చటి పట్టీ కట్టుకోవాలి. భోగి మంటల పొగ కమ్మిన వారం పని పెట్టుకోకపోవడమే మంచిది.

డార్కుల కన్నా ముఖ్యమైనవి ఫ్లాట్ ఫ్రేములు. గెలాక్సీ తోక ఆకాశపు వెలుగులో నూరో వంతని పైన చెప్పాను. లెన్సు అంచుల్లో వెలుగు తగ్గడం, సెన్సర్ మీది దుమ్ము మచ్చ ఆ నూరో వంతుకు ఎన్నో రెట్లు. తెల్లవారేటప్పుడు లెన్సు ముందు ఉతికిన తెల్ల పంచె బిగించి కట్టి, ఆకాశం వైపు ఒకే రకం వెలుగును ఫొటోలు తీసి, వాటితో భాగిస్తే ఆ లోపాలు పోతాయి. ఈ పని బద్ధకించినవారికి మసక గెలాక్సీలు దక్కవు. పేర్చడానికి సిరిల్, డీప్‌స్కైస్టాకర్ వంటి ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఉపగ్రహాల గీతలు ఒక్కో ఫ్రేములో పడినా, ఎన్నో ఫ్రేములను పోల్చి పేర్చేటప్పుడు అవి రాలిపోతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇప్పుడు గరుకుతనం పోగొట్టే కృత్రిమ మేధ పనిముట్లు చాలా ఉన్నాయి. నక్షత్రాలకు, ప్రకాశవంతమైన భుజాలకు అవి పనికొస్తాయి. అంచుల్లోని అతి మసక వెలుగు విషయంలో అవి ఉన్నదాన్ని తుడిచేయగలవు, లేనిదాన్ని గీయగలవు. ఎన్‌జీసీ 3628కు సుమారు మూడు లక్షల కాంతి సంవత్సరాల పొడవైన తోక ఉంది. ఆ తోక మీ ఫొటోలో వచ్చిందా లేదా అన్నది ఈ ప్రాంతపు ఆకాశానికీ మీ ఓపికకూ నిజమైన పరీక్ష. మేధ పనిముట్లు ముట్టని, ఊరికే పేర్చిన ఫొటోలో అది కనిపించాలి. సగం ఫ్రేములతో ఒకటి, మిగతా సగంతో ఒకటి పేర్చి, రెండింటిలోనూ ఒకే చోట కనిపిస్తే నమ్మవచ్చు. అందంగా లేకపోయినా నిజమైన ఫొటో కావాలి, కల్పించిన తోక మనకెందుకు?

చిలీలో 8.4 మీటర్ల రూబిన్ అబ్జర్వేటరీ 2025 జూన్‌లో విడుదల చేసిన తొలి చిత్రాల్లో ఇదే కన్యారాశి గుంపు ఉంది. అటువంటివి ఉండగా తిరుత్తణి పొలంలో మన చిన్న టెలిస్కోపు ఎందుకని అడిగేవారున్నారు. జవాబు చరిత్రలోనే దొరుకుతుంది. పెద్ద టెలిస్కోపు ఒక్క గెలాక్సీ మీద రాత్రుల తరబడి నిలబడలేదు, మనం నిలబడగలం. ఎన్‌జీసీ 5907 చుట్టూ వంగిన నక్షత్రాల ధారను 2008లో స్పష్టంగా చూపింది జే గాబనీ అనే ఔత్సాహికుడితో కలిసి పనిచేసిన ఖగోళవేత్తల బృందం, అర మీటరు టెలిస్కోపుతో. టొరంటో, యేల్ విశ్వవిద్యాలయాల ఖగోళవేత్తలు బజారులో దొరికే 400 మిల్లీమీటర్ల కెమెరా లెన్సులనే గుత్తిగా కట్టి, 2015లో కోమా గుంపులో 47 అతి పలచని గెలాక్సీలను కనుగొన్నారు. ఆండ్రొమిడా పక్కన ఆక్సిజన్ వెలుగుతో ఉన్న పెద్ద విల్లును 2022లో పట్టుకున్నది ముగ్గురు ఔత్సాహికులు, 106 మిల్లీమీటర్ల టెలిస్కోపుతో. శతాబ్దానికి పైగా ఫొటోలు తీస్తున్న గెలాక్సీ పక్కన అది అప్పటిదాకా ఎవరికీ కనిపించలేదు.

సూపర్‌నోవాల సంగతి మరీ ఉత్సాహకరం. 2016 సెప్టెంబరు 20 రాత్రి అర్జెంటీనాలోని రొసారియో నగరంలో విక్టర్ బుసో అనే తాళాల పనివాడు తన మేడ మీది 40 సెంటీమీటర్ల టెలిస్కోపుకు కొత్త కెమెరా బిగించి, ఎన్‌జీసీ 613 గెలాక్సీని వరసగా ఫొటోలు తీశాడు. ఆ ఫొటోల మధ్యలోనే ఒక నక్షత్రం పేలింది. పేలుడు తొలి వెలుగు అలా దొరకడం అపూర్వమని 2018లో నేచర్ పత్రికలో వ్యాసం వచ్చింది. ఆ గెలాక్సీ తిరుత్తణి నుంచి 47 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. 2023 మే 19న జపాన్‌లో కోయిచి ఇతగాకి ఎం101లో సూపర్‌నోవాను కనుగొన్నప్పుడు, అంతకు ముందు గంటల్లో ఆ గెలాక్సీని ఎవరెవరు ఫొటో తీశారోనని ఖగోళవేత్తలు ప్రపంచమంతా వెతికారు. మన రేఖాంశంలో రాత్రి అయినప్పుడు అమెరికాలో పగలు. ఇక్కడ తీసిన ఫ్రేము మరెక్కడా దొరకని గంటలను పూరించగలదు.

ఇవన్నీ సాధ్యం కావాలంటే చీకటి మిగలాలి. 2011 నుంచి 2022 దాకా, ఎక్కువగా ఐరోపా, ఉత్తర అమెరికాల్లోని సాధారణ ప్రజలు కంటితో చేసిన పరిశీలనలను బట్టి, రాత్రి ఆకాశం ఏటా సగటున 9.6 శాతం వెలుగెక్కుతోందని 2023లో సైన్స్ పత్రికలో తేల్చారు. ఆ లెక్కన ఎనిమిదేళ్ళలో రెట్టింపవుతుంది. మన చెన్నై-తిరుపతి రహదారి వెంట కొత్తగా లేచే హైమాస్ట్ దీపాలను చూస్తే ఇక్కడ పరిస్థితి అంతకన్నా మెరుగని అనిపించదు. చేయగలిగినది లేకపోలేదు. 2022 డిసెంబరులో లడఖ్ పాలనా యంత్రాంగం హాన్లే చుట్టూ చీకటి ఆకాశ సంరక్షణ ప్రాంతాన్ని ప్రకటించింది. 2024 జనవరిలో మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం దేశంలో మొదటి చీకటి ఆకాశ పార్కుగా గుర్తింపు పొందింది. తిరుత్తణికి అంత పెద్ద హోదా రాదు, అక్కర్లేదు కూడా. వీధిదీపానికి పైన మూత, తెలుపు బదులు పసుపు ఛాయ, అర్ధరాత్రి దాటాక సగం వెలుగు, బోరు మోటారు దగ్గర తెల్లవార్లూ వెలిగే ఎల్‌ఈడీకి ఒక స్విచ్చి ఉంటే చాలు. వీటికి పంచాయతీ తీర్మానం సరిపోతుంది, కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది. అడగవలసినది మనమే. గెలాక్సీ ఫొటో ఒకటి అచ్చు వేయించి పంచాయతీ కార్యాలయానికి తీసుకెళ్ళి, ఇది మన ఊరి నడినెత్తిన ఉందని చూపిస్తే ఆ అడగడానికి బలం వస్తుంది.

మొదలుపెట్టాలనుకునేవారికి నా మాట ఇది. వచ్చే ఫిబ్రవరి అమావాస్యకు, ఉన్న కెమెరా పట్టుకుని, ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి, పొలం యజమానికి ముందే చెప్పి, ఊరికి పడమరగా వెళ్ళండి. చీకట్లో పాముల భయం ఉంటుంది కాబట్టి కాళ్ళకు బూట్లు, చేతిలో ఎర్ర టార్చి ఉండాలి. మొదటి ఏడాదంతా సింహరాశి త్రయం ఒక్కదాన్నే తీయండి, ఒకే చోట నుంచి, ఒకే లెన్సుతో. తీసిన ముడి ఫ్రేములను తుడిచేయకండి. తేదీ, సమయం, చోటు రాసి దాచండి. ఇటలీలో జుసెప్పె డొనాటియెల్లో 127 మిల్లీమీటర్ల టెలిస్కోపుతో తీసిన ఫొటోల్లో ఇప్పుడు ఆయన పేరుతోనే పిలిచే ఒక మరుగుజ్జు గెలాక్సీ ఉంది. ఆ ఫొటోలు 2010లోనూ 2013లోనూ తీసినవి. ఆయన దాన్ని గుర్తించింది 2016లో.